సెలెక్టివ్ కలరింగ్: ఒక్క రంగు నిలిపే ఫొటోలో బూడిద రంగు పని

ఫొటోలో ఏదో ఒక వస్తువును గానీ, ఒక రంగును గానీ ఉన్నదున్నట్టు ఉంచి మిగతాదంతా నలుపు తెలుపులోకి మార్చే పద్ధతికి సెలెక్టివ్ కలరింగ్ అని పేరు. ఫోన్ యాప్‌లలో ఇది కలర్ స్ప్లాష్, కలర్ పాప్ వంటి పేర్లతో దొరుకుతుంది. కానన్ కెమెరాల్లో కలర్ యాక్సెంట్ అనీ, సోనీ కెమెరాల్లో పార్షియల్ కలర్ అనీ, ఇదే పనిని ఫొటో తీసేటప్పుడే చేసిపెట్టే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంది. ఫొటోషాప్‌లో సెలెక్టివ్ కలర్ అనే కమాండ్ కూడా ఒకటుంది గానీ దాని పని వేరు. అది ముద్రణ సిరాల లెక్కలో ఎరుపులు, పసుపులు, ఆకుపచ్చలు వంటి రంగు కుటుంబాలను విడివిడిగా సవరిస్తుంది. కొత్తవాళ్లు పేరు చూసి ఆ మెనూలోకి వెళ్తే కావలసింది అక్కడ కనపడదు. అసలు సరంజామా వేరు: ఒక నలుపు తెలుపు పొర, దానికో మాస్క్, చేతిలో ఒక బ్రష్. ఇంత తక్కువ సరంజామాతో అయ్యేది కాబట్టి దీన్ని పిల్లల పనిగా కొట్టిపారేసేవారు ఉన్నారు. ఫొటో ఎడిటింగ్‌లో మొదటి పాఠంగా దీనికి మించినది లేదన్నది ఈ వ్యాసం వాదన. కారణం ఒక్కటే. చూసేవారి కన్ను రంగు మీద పడుతుంది, కానీ బొమ్మ నిలవడమో తేలిపోవడమో రంగు తీసేసిన భాగం మీద ఆధారపడుతుంది. ఆ సంగతి చేతికి తెలిసివచ్చేలా నేర్పే అభ్యాసం మరొకటి ఇంత త్వరగా దొరకదు.

కంప్యూటర్ రాకముందు నుంచే ఈ పని ఉంది. 1839లో డాగెరోటైప్ లోకానికి వెల్లడైన కొద్ది కాలానికే ఆ వెండి పలకల మీద బుగ్గలకూ పెదవులకూ నగలకూ చేత్తో రంగు పూయడం మొదలైంది. 1860లలో జపాన్‌లోని యొకొహామాలో ఫెలిచే బెయాతో స్టూడియో చేతిరంగుల ఫొటోలకు పేరుపొందింది. మన దేశంలో స్టూడియోలు సూక్ష్మచిత్రాలు వేసే చిత్రకారులను పనిలో పెట్టుకుని, ముఖాన్ని ఫొటోగానే వదిలి దుస్తులనూ తివాచీలనూ మందపాటి రంగులతో నింపించాయి. సినిమాలో ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ 1925 నాటి ‘బాటిల్‌షిప్ పొటెమ్‌కిన్’. అందులో తిరుగుబాటు ఓడ మీద ఎగిరే ఎర్రజెండాను దర్శకుడు ఐసెన్‌స్టీన్ 108 ఫ్రేముల్లో చేత్తో ఎరుపు చేశాడు. నేర్చుకునేవారికి పనికొచ్చే విషయం ఆ రంగు కింద ఉంది. ఆనాటి ఫిలిం ఎరుపును గ్రహించలేదు. నిజమైన ఎర్రజెండాను చిత్రిస్తే తెర మీద నల్లగా పడుతుంది. నలుపు మీద పారదర్శకమైన ఎరుపు పూస్తే కనపడదు. అందుకని తెల్లజెండాను ఎగరేసి చిత్రించారు. ఎరుపు వెలగడానికి కింద ఏ ఛాయ ఉండాలన్నది ముందు తేల్చుకుని, రంగు సంగతి తర్వాత చూసుకున్నారు. 1963లో దర్శకుడు కురొసావా ‘హై అండ్ లో’ సినిమా అంతటినీ నలుపు తెలుపులో తీసి, పొగగొట్టం నుంచి లేచే గులాబీ పొగకు మాత్రం రంగు ఇచ్చాడు. 1993 నాటి ‘షిండ్లర్స్ లిస్ట్’లో క్రాకోవ్ వీధుల్లో నడిచే చిన్నపిల్ల ఎర్రకోటు సంగతి చాలామందికి తెలిసిందే. ఈ మూడు సినిమాల్లోనూ ఆ ఒంటరి రంగు కొద్దిసేపే ఉంటుంది. దాని చుట్టూ చాలాసేపు నడిచే నలుపు తెలుపే దానికి బలం.

ఒంటరి రంగు మీదికి కన్ను ఎందుకు పరుగెత్తుతుందో మనస్తత్వ శాస్త్రం కొంత తేల్చింది. అన్నీ ఒకే రంగులో ఉండి ఒక్కటే వేరే రంగులో ఉంటే, చుట్టూ కొద్ది వస్తువులున్నా చాలా ఉన్నా దాన్ని పట్టుకోవడానికి పట్టే సమయం దాదాపు మారదని ఆన్ ట్రీస్మన్, గ్యారీ జెలేడ్ 1980లో ప్రకటించిన పరిశోధన చూపింది. వెతకనక్కర లేకుండానే అది కంటికి తగులుతుంది. అంతకు ముందే, 1933లో, జర్మనీకి చెందిన హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ వరుసలో వేరుగా ఉన్నది ఎక్కువగా గుర్తుండిపోతుందని నిరూపించింది. ఈ రెండూ కలిపి చూస్తే సెలెక్టివ్ కలరింగ్‌కు ఉన్న శక్తీ, దాని ప్రమాదమూ ఒకేచోట కనపడతాయి. కన్నును లాగే పని రంగు దానంతటదే చేసేస్తుంది. ఎడిటింగ్ చేసేవారి నైపుణ్యానికి అందులో వాటా లేదు. లాగిన కన్ను ఆ తర్వాత ఎటు పోవాలి, ఎంతసేపు నిలవాలి అన్నవే మిగిలిన ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పగలిగేది చుట్టూ ఉన్న బూడిద రంగు ఒక్కటే. చుట్టూ ఛాయల్లో తేడా లేక చప్పగా ఉంటే కన్ను రంగును చూసి అక్కడితో ఆగిపోతుంది. వెలుగునీడలు చక్కగా విడిపడి ఉంటే రంగు దగ్గర మొదలై ముఖాల మీదికీ చేతుల మీదికీ నేపథ్యం మీదికీ నడుస్తుంది.

ఆ ఛాయలు ఎలా తయారవుతాయో ఒక ఉదాహరణతో చూడవచ్చు. గుంటూరు జిల్లాలో ఒక మిరప కల్లం ఫొటో ఉందనుకుందాం. ఎర్రటి కాయల రాశి, పక్కన పచ్చటి చెట్లు, రాశి ముందు కూర్చుని తాలు కాయలు ఏరే ఆడవాళ్లు. డిజిటల్ ఫొటోలో ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలు 0 నుంచి 255 దాకా ఉంటాయి. మిరపకాయ మీద ఒక పిక్సెల్ విలువ 200, 30, 30 అనీ, ఆకు మీద ఒక పిక్సెల్ విలువ 40, 110, 40 అనీ తీసుకుందాం. మన కన్ను ఆకుపచ్చకు ఎక్కువగా, నీలానికి తక్కువగా స్పందిస్తుంది కాబట్టి, టీవీ ప్రసారాల కాలం నుంచి వాడుకలో ఉన్న ఒక సూత్రం ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వంతు బరువు ఇస్తుంది. ఆ లెక్కన మిరపకాయకు వచ్చే గ్రే విలువ 81. ఆకుకు వచ్చేది కూడా 81. రంగులో ఒకదానికొకటి ఎదురుగా నిలిచే రెండు వస్తువులు నలుపు తెలుపులో ఒకే ముద్దయిపోయాయి. ఇంకో పద్ధతి ఉంది: మూడు విలువల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సగం చేయడం. ఫొటోషాప్‌లో డీశాచురేట్ కమాండ్ చేసేది ఇదే. దీని ప్రకారం మిరపకాయ 115, ఆకు 75 అవుతాయి. ఇక్కడ తేడా కనపడింది కదా అని ఈ పద్ధతిని నమ్ముకుంటే మరోచోట దెబ్బతింటాం. స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ దీని కింద ఒకే గ్రేగా మారతాయి. మొదటి సూత్రంలో అవే 76, 150, 29గా విడిపోతాయి. ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌లో 2.10 వెర్షన్ నుంచి డీశాచురేట్ కింద అయిదు పద్ధతులు ఇచ్చారు; ఒకే ఫొటో మీద అయిదూ వేసి పక్కపక్కన పెట్టి చూడటం ఎవరైనా పది నిమిషాల్లో చేయగల పని. ఒక ఫొటోకు ఒకే నలుపు తెలుపు రూపం ఉంటుందన్న భ్రమ ఆ పది నిమిషాల్లో పోతుంది.

అందుకే ఫొటోషాప్‌లో డీశాచురేట్ బదులు బ్లాక్ అండ్ వైట్ అనే అడ్జస్ట్‌మెంట్ లేయర్ వాడమంటారు. 2007లో సీఎస్3తో వచ్చిన ఈ సాధనంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, సయాన్, నీలం, మెజెంటా అనే ఆరు స్లైడర్లు ఉంటాయి. అసలు రంగుల్లో ఏది ఎంత తెల్లగా, ఎంత నల్లగా మారాలన్నది ఆ ఆరింటితో నిర్ణయించవచ్చు. మిరప కల్లం ఫొటోలో ఆకుపచ్చ స్లైడర్‌ను తగ్గిస్తే చెట్లు నల్లబడి వెనక్కి పోతాయి. కాయల రాశి ముందుకు వస్తుంది. కొత్తవాళ్లు తరచుగా గమనించని సౌకర్యం ఒకటి ఇక్కడ ఉంది. మిరపకాయలకు అసలు రంగు ఉంచబోతున్నాం కాబట్టి ఈ పొర వాటికి ఇచ్చే గ్రే ఎంత ఉన్నా బొమ్మకు సంబంధం లేదు. అంటే ఎరుపు స్లైడర్ ఇక మిరపకాయలకు కట్టుబడి లేదు. దాన్నీ పసుపు స్లైడర్‌నూ పూర్తిగా ముఖాల కోసం వాడుకోవచ్చు. మనుషుల చర్మం రంగు, ఛాయ ఏదైనా సరే, రంగుల చక్రంలో ఎరుపుకూ పసుపుకూ నడుమనే పడుతుంది. ఆ రెండు స్లైడర్లను కొద్దిగా పెంచితే ఎండలో కమిలి నల్లగా పడిన ముఖాల్లో కళ్లూ ముడతలూ తేటగా కనపడతాయి. మరీ పెంచితే ముఖం పిండి పూసినట్టవుతుంది, చర్మం మీది వెలుగునీడలు చెరిగిపోతాయి. ఈ సవరణలు చేస్తున్నంతసేపూ తెర మీద అసలు ఫొటోను పక్కన తెరిచి ఉంచుకోవడం మంచి అలవాటు.

ఇక మాస్క్. నేర్చుకునేవారు ఎక్కువసేపు గడపవలసింది దీని దగ్గరే. పోచంపల్లి చిటికి నేతలో రంగు పట్టకూడని చోట నూలును బిగించి కట్టి అద్దకంలో ముంచుతారు. మాస్క్ కూడా అలాగే, పై పొర ప్రభావం ఎక్కడ తగలాలో ఎక్కడ తగలకూడదో ముందే కట్టి ఉంచుతుంది. అడ్జస్ట్‌మెంట్ లేయర్‌తోపాటు తెల్లటి మాస్క్ దానంతటదే వస్తుంది. తెలుపు ఉన్నచోట నలుపు తెలుపు పొర పనిచేస్తుంది, నలుపు పూసినచోట ఆ పొర తప్పుకుని కింది రంగు బయటపడుతుంది, మధ్యస్థమైన గ్రే పూస్తే రంగు సగమే వస్తుంది. ఇంతే సూత్రం. రంగును చెరిపేయడానికీ దాచిపెట్టడానికీ ఉన్న తేడా ఇందులో ఉంది. చెరిపేస్తే మళ్ళీ రాదు; మాస్క్‌లో దాచినది ఎప్పుడైనా తెల్ల బ్రష్‌తోనో నల్ల బ్రష్‌తోనో తిరిగి సవరించుకోవచ్చు. ఫొటోషాప్‌కు పొరలు 1994లో 3.0తో, అడ్జస్ట్‌మెంట్ లేయర్లు 1996లో 4.0తో వచ్చాయి. అంతకు ముందు పనిచేసినవారు అసలు పిక్సెళ్ల మీదే ఖరాఖండిగా నిర్ణయం తీసుకోవలసి వచ్చేది. గింప్‌లో అయితే ఫొటో పొరకు నకలు తీసి, పై నకలును డీశాచురేట్ చేసి, దానికి తెల్ల మాస్క్ తగిలించి నలుపు పూయాలి. స్నాప్‌సీడ్ అనే ఫోన్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వేశాక ఎడిట్ల జాబితాలోకి వెళ్ళి, ఆ ఫిల్టర్‌ను కావలసిన చోట మాత్రమే వేలితో పూయవచ్చు. ఏ సాధనంలో చేసినా తర్కం ఇదే కాబట్టి ఒకచోట నేర్చుకున్నది మరోచోట వృథా పోదు.

మాస్క్ బాగుందో లేదో అంచులు చెబుతాయి. లెన్స్ ఫోకస్‌లో ఉన్న అంచు పదునుగా, ఫోకస్ తప్పిన అంచు మెత్తగా ఉంటుంది. ఒకే చీర అంచు భుజం దగ్గర ఒకలా, వెనక కొంగు దగ్గర ఇంకోలా ఉండవచ్చు. బ్రష్ హార్డ్‌నెస్‌ను ఆ అంచును బట్టి మార్చుకుంటూ పోవాలి. అంతటా ఒకే గట్టి బ్రష్ వాడితే వస్తువు కత్తిరించి అతికించినట్టుంటుంది, అంతటా మెత్తటి బ్రష్ వాడితే చుట్టూ రంగు మసక కమ్ముకుంటుంది. ఫొటోషాప్‌లో ఆల్ట్ మీట నొక్కి మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే తెర నిండా కనపడుతుంది. మామూలుగా కనపడని చిల్లులూ, బ్రష్ దాటిపోయిన గీతలూ అప్పుడు బయటపడతాయి. అంచు కన్నా కష్టమైనది ప్రతిబింబాల సంగతి. తడి రోడ్డు మీద ఎర్ర గొడుగుకు మాత్రమే రంగు ఉంచి, నీళ్లలో దాని నీడను బూడిద రంగులో వదిలేస్తే చూసేవారికి ఎక్కడో తేడా కొడుతుంది, ఎక్కడన్నది చెప్పలేకపోయినా. ఎర్రచీర మీద పడ్డ ఎండ గడ్డం కిందికీ మోచేతి లోపలికీ ఎర్రటి వెలుగును చిమ్ముతుంది; చీరకు రంగు ఉంచి ఆ వెలుగును తీసేస్తే చీర మనిషి ఒంటి మీద ఉన్నట్టు అనిపించదు. అక్కడ మాస్క్ మీద ఇరవై, ముప్పై శాతం ఓపాసిటీతో నలుపు పూసి కొద్దిపాటి రంగును వెనక్కి తేవడం ఒక పరిష్కారం. వెలుతురు వస్తువు నుంచి వస్తువుకు ఎలా దూకుతుందో గమనించడం ఇక్కడే అలవాటవుతుంది. ఈ గమనింపు తర్వాత పోర్ట్రెయిట్ రీటచింగ్‌లో, నేపథ్యాలు మార్చే పనిలో, పాత ఫొటోలకు రంగులు వేసే పనిలో ప్రతిచోటా అక్కరకొస్తుంది.

బ్రష్‌తో ఇంత కుస్తీ ఎందుకు, రంగునే ఎంచుకుంటే సరిపోదా అని అడగవచ్చు. హ్యూ శాచురేషన్ సాధనంలో ఎరుపు తప్ప మిగతా రంగులన్నిటినీ సున్నాకు దించితే నిమిషంలో పని అయిపోయినట్టే కనపడుతుంది. మిరప కల్లం ఫొటోలో ఆ నిమిషం ఏం చేస్తుందో దగ్గరగా చూడాలి. రంగుల చక్రంలో ఎరుపు 0 డిగ్రీల దగ్గర, పసుపు 60 దగ్గర, ఆకుపచ్చ 120 దగ్గర ఉంటాయి. ఫొటోషాప్ ఎరుపులని లెక్కవేసేది 345 నుంచి 15 డిగ్రీల దాకా. 15 నుంచి 45 దాకా ఉన్న ప్రాంతం ఎరుపు తగ్గుతూ పసుపు పెరుగుతూ రెండింటికీ ఉమ్మడిగా ఉంటుంది. చర్మం రంగు చాలావరకు ఆ ఉమ్మడి ప్రాంతంలోనే పడుతుంది. పసుపులను సున్నా చేస్తే ముఖంలో రంగు కొంత పోయి కొంత మిగిలి జబ్బుపడ్డ మనిషి ముఖంలా పాలిపోతుంది. అదే ముఖం మీద పెదవులూ, కంటి కొలుకులూ, చెవి తమ్మెలూ, బొట్టూ ఎర్రగా నిలిచిపోతాయి. రాశిలో రంగు వెలిసి పసుపు తిరిగిన తాలు కాయలు బూడిద రంగుకు మారి, మంచి కాయలు ఎర్రగా మిగులుతాయి. ఈ చివరి ఫలితం ఆ ఫొటోకు ఒక అర్థాన్ని కూడా ఇవ్వవచ్చు, ఏరివేత గురించిన ఫొటో అది కాబట్టి. కానీ అది ఉద్దేశించి చేసినది కాకుండా సాఫ్ట్‌వేర్ లెక్కలో దొర్లినదైతే దానికి ఎడిటర్ బాధ్యత వహించలేడు. రంగును బట్టి ఎంపిక చేయడం తప్పేమీ కాదు. దాన్ని మొదటి గీతగా వాడుకుని, అక్కడ తయారైన మాస్క్‌ను బ్రష్‌తో దిద్దుకోవాలి. నేర్చుకునే వరుస తలకిందులైతే, అంటే బ్రష్ పని చేతికి రాకముందే రంగు ఎంపిక మీద ఆధారపడితే, దొర్లిన తప్పు ఎక్కడుందో పట్టుకునే కన్నే తయారుకాదు.

రంగు ఎంపికకు ఇంకో అడ్డంకి ఫైలులోనే ఉంటుంది. మామూలుగా వాడే జేపెగ్ ఫైళ్లలో వెలుగు వివరాలను ప్రతి పిక్సెల్‌కూ ఉంచి, రంగు వివరాలను చాలాసార్లు నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున కుదిస్తారు. కన్ను రంగు అంచులను అంత పదునుగా చూడదు కాబట్టి పూర్తి రంగుల ఫొటోలో ఈ పొదుపు తెలియదు. సెలెక్టివ్ కలరింగ్‌లో సరిగ్గా ఆ రంగు అంచు మీదే బొమ్మంతా నిలబడి ఉంటుంది. వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటోను తీసుకుని ఎరుపును ఎంపిక చేసి పెద్దది చేసి చూస్తే, అంచు పొడవునా మెట్లు మెట్లుగా గళ్లు కనపడతాయి. కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫైలుతో, వీలైతే రా ఫైలుతో, నేర్చుకోవడం మొదలుపెడితే లోపం తన చేతిలో ఉందో ఫైలులో ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు వినిపిస్తున్న బలమైన అభ్యంతరం వేరు. ఫోన్‌లో ఒక్క నొక్కుతో అయ్యే పనిని మాస్కులతో నేర్చుకోవడం కాలం వృథా అని. 2018లో గూగుల్ ఫొటోస్ కలర్ పాప్ అనే సౌకర్యాన్ని తెచ్చింది; మనిషిని రంగులో ఉంచి వెనకదంతా నలుపు తెలుపు చేస్తుంది. అదే ఏడాది ఫొటోషాప్‌కు సెలెక్ట్ సబ్జెక్ట్ వచ్చింది. అప్పటి నుంచి ఈ సాధనాలు వెంట్రుకల అంచులను కూడా చక్కగా పట్టుకునే స్థాయికి ఎదిగాయి. ఈ అభ్యంతరంలో సగం నిజముంది: అంచును గీసే శ్రమ తగ్గిపోయింది, తగ్గడం మంచిదే. మిగతా సగం నిలవదు. మిరప కల్లం ఫొటోలో విషయం కాయలా, ఏరే చేతులా, ముఖాలా అన్నది యంత్రం తేల్చదు. మనిషి ఆకారం కనపడితే మనిషినే పట్టుకుంటుంది. గొడుగు నీడకు రంగు ఉండాలా వద్దా అని అది అడగదు. చెట్లు ఎంత నల్లబడాలో దానికి పట్టదు. ఏదో ఒక స్థిర సూత్రంతో అంతటినీ గ్రేకు మారుస్తుంది. యాప్ ఫలితాన్ని చూసి ఇక్కడ బాగులేదని వేలు పెట్టి చూపగలగడానికి, చూపినదాన్ని దిద్దగలగడానికి, మాస్క్‌తో కొంతకాలం కుస్తీ పట్టి ఉండాలి. ఆ తర్వాత అంచు యంత్రం గీసినా నష్టం లేదు.

అభిరుచికి సంబంధించిన అభ్యంతరం ఇంకా లోతైనది. డిజిటల్ ఎడిటింగ్ చేతికందిన 2000లలో పెళ్లి ఆల్బమ్‌లలో ఈ పద్ధతి వెల్లువెత్తింది. మన దగ్గర కరిజ్మా ఆల్బమ్‌లు వచ్చిన రోజుల్లో పెళ్లికూతురి చీరకో, పూలదండకో రంగు ఉంచి మిగతా మండపాన్ని బూడిద చేసిన పేజీ లేని ఆల్బమ్ అరుదు. అతిగా వాడటంతో విసుగు పుట్టింది, ఆ విసుగు సహజమే. దీనికి తోడు ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ 1998 నాటి ‘రివర్ ఆఫ్ కలర్’ పుస్తకంలో లేవనెత్తిన వాదన ఉంది: నలుపు తెలుపు పాశ్చాత్య మనోభావానికి చెందినదనీ, భారతీయ జీవితాన్ని రంగు నుంచి వేరుచేసి చూడలేమనీ. బతుకమ్మ ఫొటోను తీసుకుంటే ఆయన మాట ఎంత నిజమో అర్థమవుతుంది. తంగేడు పసుపు, రంగులద్దిన గునుగు, బంతి నారింజ, కట్ల పూల నీలం ఒకదాని పక్కన ఒకటి వరుసలుగా పేరిస్తేనే అది బతుకమ్మ. అందులో తంగేడుకు ఒక్కదానికే రంగు ఉంచితే మిగిలేది ఒక పూల రంగు, పోయేది పండుగ. కాబట్టి ఈ పద్ధతి ఏ ఫొటోకైనా పనికొస్తుందని వాదించడం అసాధ్యం. రంగుల మధ్య సంబంధమే విషయమైన ఫొటోలో దీన్ని వాడకూడదు. పెళ్లి మండపంలో పసుపూ కుంకుమా అరటాకూ అలాంటి సంబంధంలోనే ఉంటాయి. ఆనాటి ఆల్బమ్ పేజీలు చాలావరకు తేలిపోయింది అందుకే అని నా అభిప్రాయం. రంగులు ఒకదానితో ఒకటి కొట్టుకుంటూ విషయాన్ని మింగేస్తున్న ఫొటోలో, ఉదాహరణకు ప్లాస్టిక్ సంచులూ ఫ్లెక్సీలూ నిండిన సంత వీధిలో నిలబడ్డ ఒక మనిషి బొమ్మలో, ఈ పద్ధతి నిజమైన ఉపకారం చేస్తుంది. రెండు రకాల ఫొటోలనూ తేడా పట్టి చూడగలగడం ఈ చదువులో భాగమే.

ఛాయలతో ఆలోచించడమంటే ఏమిటో తెలియాలంటే తెలుగువారికి మాయాబజార్ చేతిలో ఉంది. 1957లో మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులో చిత్రించిన ఆ సినిమాకు హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులు అద్దగా 2010 జనవరిలో మళ్ళీ విడుదలైంది. వెన్నెల పడవ పాటను రెండు రూపాల్లోనూ చూస్తే, రంగు లేని రూపంలో నీళ్ల మీది మెరుపూ ముఖాల మీది వెలుగూ ఎంత విడివిడిగా అమర్చి ఉన్నాయో కనపడుతుంది. రంగు అద్దినవారు ఆ అమరికను ఆధారం చేసుకోవలసిందే, దాన్ని కొత్తగా పుట్టించలేరు. సెలెక్టివ్ కలరింగ్ చేసేవారి ముందు దీనికి తలకిందులైన పని ఉంటుంది: రంగులో తీసిన ఫొటోకు అలాంటి వెలుగునీడల అమరికను వెనక నుంచి కల్పించాలి. అది కుదిరిందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష చాలు. పని అంతా అయ్యాక అన్నిటికీ పైన తాత్కాలికంగా మరో నలుపు తెలుపు పొర వేసి మిగిలిన ఆ ఒక్క రంగునూ తీసేయాలి. అప్పుడు కూడా విషయం నేపథ్యం నుంచి విడిపడి కనపడితే బొమ్మ గట్టిదే. పైన లెక్కగట్టినట్టు 81 పక్కన 81 ఉంటే విషయం మాయమవుతుంది. ఈ పరీక్షకు మరో ప్రయోజనం ఉంది. ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. ఇతర జనాల్లోనూ తక్కువ నిష్పత్తిలో ఈ లోపం ఉంది. కొందరికి ఎరుపు ముదురు బూడిదలా కనపడుతుంది. ఛాయలో తేడా లేకుండా రంగు మీదే ఆధారపడ్డ బొమ్మ వారికి అందదు.

వార్తా ఫొటోల్లో ఈ పద్ధతికి చోటు లేదు, ఉండకూడదు కూడా. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీ నిబంధనలు ఫొటో మొత్తాన్ని నలుపు తెలుపు చేయడాన్ని అంగీకరిస్తాయి. రంగునో సాంద్రతనో మార్చి నేపథ్యాన్నీ అందులోని మనుషులనూ మరుగుపరచడాన్ని ఒప్పుకోవు. మొదటిది చూసేవారందరికీ తెలిసే మార్పు, ఎవరినీ పక్కకు నెట్టదు. రెండోది ఎవరు ముఖ్యమో ఫొటోగ్రాఫర్ తీర్పు చెప్పి, దాన్ని సంఘటనలా చూపిస్తుంది. ప్రకటనల్లో, పుస్తకాల అట్టల మీద, కుటుంబ ఆల్బమ్‌లలో ఆ తీర్పు బాహాటంగానే ఉంటుంది కాబట్టి ఎవరూ మోసపోరు.

బూడిద రంగు ఆఖరి పరీక్ష ముద్రణలో ఎదురవుతుంది. పారిస్‌లోని గోబెలిన్ అద్దకశాలలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్, నలుపు నూలుకు నిండుదనం రావడం లేదన్న ఫిర్యాదుకు కారణం వెతుకుతూ, లోపం అద్దకంలో లేదనీ పక్కనున్న రంగుల్లో ఉందనీ కనిపెట్టి 1839లో పుస్తకం రాశాడు. ఒక రంగు తన పక్కనున్న దానికి ఎదురు రంగు ఛాయను కల్పిస్తుంది. నిండు ఎరుపు పక్కన పెట్టిన తటస్థమైన గ్రే కొద్దిగా పచ్చదనం తిరిగినట్టు కనపడేది అందుకే. మొత్తం నలుపు తెలుపు ఫొటోలో ఎవరూ గుర్తించని చిన్న వర్ణదోషం, మధ్యలో ఒక ఎర్రచీర ఉండేసరికి బయటపడుతుంది. నాలుగు సిరాల ఆఫ్‌సెట్ ముద్రణలో ఇది ఇంకా సున్నితం. అక్కడ గ్రేను నల్లసిరాతోపాటు సయాన్, మెజెంటా, పసుపు కలిపి తయారుచేస్తారు. మూడూ సమానంగా వేస్తే గోధుమరంగు తిరుగుతుంది కాబట్టి సయాన్‌ను మిగతా రెండింటి కన్నా ఎక్కువ వేయాలి. ఆ నిష్పత్తి కొంచెం జరిగినా పెళ్లి ఫొటోలో బూడిద మండపమంతా పచ్చబారుతుంది, లేదా గులాబీ తిరుగుతుంది. మొదట్లో పక్కన పెట్టిన సెలెక్టివ్ కలర్ కమాండ్ అవసరం ఇక్కడ వస్తుంది. అందులో న్యూట్రల్స్ అనే విభాగం ప్రధానంగా మధ్య గ్రేలను తాకుతుంది, నిండు ఎరుపును పెద్దగా కదిలించదు. రిలేటివ్ ఎంచుకుంటే 50 శాతం మెజెంటాకు 10 శాతం కలిపితే 55 అవుతుంది, ఆబ్సల్యూట్ ఎంచుకుంటే 60 అవుతుంది. గ్రే దిద్దేటప్పుడు రిలేటివ్‌లో ఉండి రెండు మూడు శాతం చొప్పున జరపడం క్షేమం. ఆల్బమ్ మొత్తం ముద్రణకు ఇచ్చే ముందు ఒక్క పేజీ ప్రూఫ్ తీయించి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి, పగటి వెలుతురులో ఒకసారి చూసుకుంటే ఆ రెండు మూడు శాతాలు ఎటు జరగాలో తెలుస్తుంది.